ఆ నల్లగీత ఎవరిది?

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకి ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "దేని గురించి వ్రాయమంటావు బాబూ?" అని అడిగాను. "మీ ఇష్టం సార్. పాత విద్యార్థి కదా, కాలేజీ జ్ఞాపకాలైనా ఫరవాలేదు," అన్నాడు. జ్ఞాపకాలు వ్రాయడానికి నాకన్నా పెద్దలు, నాకన్నా బాగా వ్రాయగలవాళ్ళు ఈ సంచికలో ఉండనే ఉంటారు. క్యాంటీను పెసరట్టు గురించీ, హాస్టలు నీళ్ళచారు గురించీ ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. కాబట్టి నేను ఒక చిన్న సీసా గురించి వ్రాస్తాను. అది నా చిటికెనవేలి చివరి కణుపంత ఉంటుంది. అందులో ఉండేది 100 మైక్రోలీటర్ల ద్రవం, అంటే రెండు చుక్కలు. నా జీవితంలో ఐదు సంవత్సరాలు ఆ రెండు చుక్కల మీద ఆధారపడి గడిచాయి.

సైన్సు చదవని మిత్రులు దయచేసి పేజీ తిప్పెయ్యకండి. విషయం రెండు మూడు పేరాల్లో చెప్పేస్తాను. తరువాత వచ్చే గొడవ మనందరిదీ.

మన ఒంట్లో ఒక నరం ఇంకో కణానికి కబురు పంపాలంటే తన చివర నుంచి కొంచెం రసాయనం వదులుతుంది. ఎసిటైల్‌కోలిన్ అటువంటి రసాయనాలలో ఒకటి. ఎదుటి కణం పైపొరలో ఒక ప్రోటీను దానికోసం కాచుకుని ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ వచ్చి తగిలితే ఆ ప్రోటీను తలుపులాగా తెరుచుకుంటుంది, కబురు అందుతుంది. ఆ తలుపునే రిసెప్టరు అంటారు. తెలుగులో గ్రాహకం అంటున్నాం. మీరు ఈ పేజీ తిప్పడానికి వేలు కదపాలన్నా ఆ తలుపులు లెక్కలేనన్ని తెరుచుకోవాలి.

ఇక యాంటీబాడీ సంగతి. ఒంట్లోకి పరాయి పదార్థం వస్తే దాన్ని పట్టుకోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీను అది. పాముకాటుకి ఆసుపత్రిలో ఎక్కించే మందు ఇదే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో తయారైన యాంటీబాడీలని తీసి మనకి ఇస్తారు. జబ్బులకి ఇలా సీరం వాడవచ్చునని బెరింగ్, కిటసాటో అనే ఇద్దరు 1890లోనే చూపించారు. ఇదే కిటుకుని పరిశోధకులు ఇంకో పనికి వాడుకున్నారు. ఒక ప్రోటీనుని కుందేలుకి ఇంజెక్షను చేస్తే, ఆ ప్రోటీనునే వెతికి పట్టుకునే యాంటీబాడీలు కుందేలు రక్తంలో తయారవుతాయి. వాటికి రంగో వెలుగో తగిలించి మెదడు ముక్క మీద పోస్తే, ఆ ప్రోటీను ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేసుకునే మార్గాన్ని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాత ఇదొక పెద్ద వ్యాపారమయింది. ఈనాడు కేటలాగు చూసి ఆర్డరు పెడితే ఏ ప్రోటీనుకి కావలిస్తే దానికి సీసా వస్తుంది.

చిక్కల్లా ఎక్కడంటే, మనం ఫలానా ప్రోటీనుని పట్టుకోమని పంపిన యాంటీబాడీ దాన్నే పట్టుకుందో, దాని పోలికే ఉన్న ఇంకొకదాన్ని పట్టుకుందో సీసా మీద చీటీ చూస్తే తెలియదు. మన హాస్టలు వరండాలో నిలబడి "సుబ్బారావూ!" అని కేక వెయ్యండి. నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. ఒకడు సుబ్బారావు, ఒకడు వెంకట సుబ్బారావు, ఒకడు సుబ్బరాజు, ఇంకొకడు ఊరికే ఏం గొడవా అని తొంగిచూసేవాడు. మరి మనవాడు ఎవరో తేలేదెట్లా? ఒక సులువైన పద్ధతుంది. సుబ్బారావు ఊళ్ళో లేని రోజున మళ్ళీ అదే కేక వెయ్యాలి. అప్పుడు కూడా అదే తలుపు తెరుచుకుంటే, ఆ గదిలో ఉన్నవాడు సుబ్బారావు కాడు. ఈ వ్యాసం మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఈ పరీక్ష విలువ తెలిసినవాళ్ళు ఏం సాధించారో ముందు చెబుతాను. మనం ఎంతసేపూ తప్పులనే ఎంచుకుంటామన్న అపవాదు నాకెందుకు!

1970 ప్రాంతాల్లో ఎసిటైల్‌కోలిన్ రిసెప్టరుని విడిగా పట్టుకోవడం ఒక పెద్ద సమస్య. మామూలు కండరంలో అది బహు కొంచెం. కాని దక్షిణ అమెరికా నదుల్లో విద్యుత్తు పుట్టించే ఈలు చేప ఉన్నది. ఆ విద్యుత్తు పుట్టించే అవయవంలో ఈ రిసెప్టరు కుప్పలుగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి అంతకన్నా విచిత్రమైన సాధనం దొరికింది: కట్లపాము విషం. మన పొలాల గట్ల మీద తిరిగే కట్లపాముకి దాయాది ఒకటి తైవాన్‌లో ఉంది. దాని విషంలోని ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని తైవాన్ శాస్త్రవేత్తలు ఛాంగ్, లీ 1963లో వేరుచేశారు. ఆ పదార్థం ఈ రిసెప్టరుని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. కట్లపాము కరిచినవాడికి ముందుగా కనురెప్పలు వాలిపోతాయని మన పల్లెటూళ్ళలో చూసినవాళ్ళకి తెలుసు. ఆ విషం దెబ్బకొట్టేది నరానికీ కండరానికీ మధ్య ఉన్న ఈ జాగానే.

అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ అనే ఇద్దరు ఆ ఈలు చేప రిసెప్టరుని శుద్ధిచేసి కుందేళ్ళకి ఇంజెక్షను చేశారు. వాళ్ళకి కావలసింది యాంటీబాడీ మాత్రమే. కాని కొన్నాళ్ళకి కుందేళ్ళు నీరసించి, కాళ్ళు చాచేసి పడిపోవడం మొదలుపెట్టాయి. మనుషుల్లో మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బుంది. రెప్పలు వాలిపోతాయి, అన్నం నమలలేరు, ముదిరితే ఊపిరి తీసుకోలేరు. ఆ జబ్బుకి ఇచ్చే మందు ఇస్తే కుందేళ్ళు కాసేపు లేచి నిలబడ్డాయి! కుందేలు ఒంట్లో పుట్టిన యాంటీబాడీ, చేప రిసెప్టరుతో ఆగక, కుందేలు సొంత రిసెప్టరుని కూడా పట్టుకుంది. ఈ సంగతి 1973లో అచ్చయింది. అదే సంవత్సరంలో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనే ముగ్గురు మయస్థీనియా రోగుల కండరాల్లో ఈ రిసెప్టర్లు తగ్గిపోయి ఉన్నాయని చూపించారు. శరీరం తన తలుపులని తానే విరగ్గొట్టుకుంటున్నదన్నమాట.

1976లో లిండ్‌స్ట్రమ్ బృందం రక్తపరీక్ష తయారుచేసింది. కట్లపాము విషానికి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి, దానితో మనిషి కండరంలోని రిసెప్టరుకి గుర్తు పెట్టి, రోగి రక్తంలో ఆ రిసెప్టరుని పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయేమో చూశారు. 71 మంది రోగుల్లో 87 శాతం మందికి ఉన్నాయి. ఇక్కడ మీరంతా చప్పట్లు కొడతారు. నేను చప్పట్లు కొట్టేది ఆ తరువాతి అంకెకి. జబ్బు లేని 175 మంది రక్తం కూడా చూశారు. వారిలో ఇతర నరాల జబ్బులున్నవాళ్ళు ఉన్నారు, శరీరం తన మీద తానే తిరగబడే వేరే జబ్బులున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కరిలోనూ కనిపించలేదు. రోగులు 71 మంది, రోగం లేనివాళ్ళు 175 మంది! ఉన్నచోట ఉందని చెప్పడానికి పడిన శ్రమ కన్నా, లేనిచోట లేదని చెప్పడానికి రెండింతలు పైగా శ్రమపడ్డారు. ఈనాటికీ రెప్ప వాలిన రోగికి డాక్టరు ధైర్యంగా మందు వ్రాయగలుగుతున్నాడంటే ఆ 175 మంది పుణ్యమే అంటాను.

ఇప్పుడు నా కథ. ఇందులో చప్పట్లు ఏమీ లేవు.

మాది పత్తి పండే ఊరు. మా నాన్నగారు పురుగుమందు కొట్టి వచ్చిన సాయంత్రాలు కళ్ళు మసకలంటూ వాకిట్లో కూర్చునేవారు. మజ్జిగ గ్లాసు ఇస్తే చేతిలో వణికేది. "ఏం లేదురా, ఎండ," అనేవారు. ఎండ కాదని నాకు ఈ కాలేజీలో బి.యస్సీ. రెండో సంవత్సరంలో తెలిసింది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైముని అడ్డుకుంటాయి. దాంతో ఆ రసాయనం పేరుకుపోతుంది, తలుపులు అదేపనిగా దబదబ కొట్టుకుంటాయి. ఎం.యస్సీ. అయిన తరువాత 2009లో వేరొక ఊళ్ళో పిహెచ్.డి.లో చేరినప్పుడు నేను ఎంచుకున్న ప్రశ్న ఇదే: ప్రాణం తీసేంత కాకుండా, కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి ఈ మందు ఒంట్లోకి పోతే మెదడులోని రిసెప్టర్లు ఏమవుతాయి? ముఖ్యంగా జ్ఞాపకశక్తికి పనికివచ్చే చోట ఉండే ఆల్ఫా-7 అనే రకం?

సీసా తెప్పించాము. దాని ఖరీదు అప్పటి నా ఫెలోషిప్పులో రెండు నెలల డబ్బు. విమానంలో వచ్చి, కస్టమ్సులో ఆగి, మా చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. దానికి పసుపు కుంకుమలు పెట్టలేదు గాని దాదాపు అంత పనీ చేశాము. ఎలుకల మెదడు నూరి, అందులోని ప్రోటీనులని బరువు ప్రకారం జెల్లులో విడదీసి, పలచని పొర మీదకి ఎక్కించి, యాంటీబాడీ పోస్తే ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. ఆల్ఫా-7 ఎంత బరువుంటుందని పుస్తకాల్లో ఉందో, సరిగ్గా అక్కడే గీత పడింది. మందు పెట్టని ఎలుకల్లో దట్టంగా, మందు పెట్టిన ఎలుకల్లో పలచగా! మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఆ రాత్రి లాబొరేటరీ నుంచి మా నాన్నగారికి ఫోను చేసి, "నాన్నా, అది ఎండ కాదు, నేను రుజువు చేశాను," అన్నాను. ఆయనకి ఏమర్థమయిందో గాని, "మంచిదిరా, భోంచేశావా?" అన్నారు.

పేపరు అచ్చయింది. 2014లో డాక్టరేటు వచ్చింది.

2015లో అదే లాబొరేటరీలో ఒక జూనియరు అమ్మాయి నా పని ముందుకి తీసుకుపోవడానికి చేరింది. నేనప్పటికి లెక్చరరు ఉద్యోగంలో ఉండి, శనివారాలు వెళ్ళి వస్తుండేవాణ్ణి. ఒకరోజు ఆ అమ్మాయి, "అన్నా, ఈ రిసెప్టరు అసలు లేని మెదడులో చూశారా?" అని అడిగింది. "లేని మెదడు ఎక్కడిదమ్మా?" అన్నాను. ఆల్ఫా-7 జన్యువు తీసేసిన చుంచెలుకలు 1997 నుంచీ ఉన్నాయట. అవి హాయిగానే బ్రతుకుతాయట. ఆమె స్నేహితురాలు పనిచేసే చోట ఉన్నాయట. నాకు తెలియదు. ఐదేళ్ళు ఆల్ఫా-7 మీద పనిచేసిన నాకు తెలియదు!

డ్రై ఐసులో చిన్న ముక్క వచ్చింది. మా సీసా మీద ఎలుకకీ, చుంచెలుకకీ రెండింటికీ పనికివస్తుందని వ్రాసే ఉంది. పక్కపక్కనే వేశాము. మామూలు చుంచెలుకలో గీత. రిసెప్టరు లేని చుంచెలుకలోనూ అదే ఎత్తున, అంతే నల్లగా గీత. సుబ్బారావు ఊళ్ళో లేడు, తలుపు మాత్రం తెరుచుకుంది.

అంటే నేను ఐదేళ్ళు కొలిచింది ఎవరినో. ఆల్ఫా-7 నిజంగా తగ్గిందో, పెరిగిందో, ఉన్నచోటే ఉందో నాకు తెలియదు. నా ప్రశ్న చేరిన రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

ఇంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటుంది. ఆల్ఫా-7 యాంటీబాడీలు జన్యువు తీసేసిన చుంచెలుకల్లో కూడా రంగు చూపిస్తున్నాయని 2004లోనే ఒక పేపరు వచ్చింది. 2007లో ఇంకొకరు ఈ కుటుంబంలోని అనేక రిసెప్టర్ల యాంటీబాడీలని పరీక్షించి, రిసెప్టరు ఉన్న మెదడుకీ లేని మెదడుకీ అవి తేడా చూపడం లేదని హెచ్చరించారు. నేను సీసాకి ఆర్డరు పెట్టేనాటికే ఈ రెండూ లైబ్రరీలో ఉన్నాయి. నేను చదివింది ఎవరెవరికి గీత పడిందో అన్న పేపర్లు. ఎవరికి పడకూడనిచోట పడిందో చదవలేదు.

మా గైడు గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. నాకు పిపెట్టు పట్టుకోవడం నేర్పినవారు. ఫిల్ము చాలాసేపు చూసి, "ఇప్పుడెందుకయ్యా ఈ గొడవ? నీకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. అందరూ వాడేది ఆ సీసానే కదా," అన్నారు. నాకూ ఆ మాటే కావలసి వచ్చింది. ఊరుకున్నాను. పాపం, ఆ అమ్మాయి విషయం మార్చుకుంది.

కొద్దినెలల తరువాత వేరే రాష్ట్రం నుంచి ఒక పరిశోధక విద్యార్థి నా పేపరు చదివి ఉత్తరం వ్రాశాడు. "సార్, మీరు వాడిన యాంటీబాడీ కేటలాగు నంబరు చెప్పగలరా? మేమూ అదే తెప్పించుకుంటాము," అని. నేను నంబరు పంపాను. కింద "విజయోస్తు" అని కూడా వ్రాశాను. అది పనికిరాదని తెలిసీ పంపాను. చెబితే నా పేపరు సంగతి చెప్పవలసి వస్తుందని భయం. ఏడాదిన్నర తరువాత నిద్రపట్టక అతనికి ఉన్నదున్నట్లు వ్రాశాను. జవాబు ఒక్క వాక్యం వచ్చింది: "ఏడాది కిందట చెప్పి ఉంటే బాగుండేది సార్." ఆ తరువాతే మా గైడు గారి కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని, ఆయన సంతకంతో పత్రికకి సవరణ పంపించాను. అరపేజీ అచ్చు వేశారు. లైబ్రరీలోని నా థీసిస్‌లో ఆ ఫొటో ఉన్న పేజీకి ఆ అరపేజీ నకలు అంటించి వచ్చాను.

ఇది నా ఒక్కడి కర్మ అనుకుని ఊరుకుంటే ఈ వ్యాసం వ్రాయనక్కరలేదు. 2009లో 19 రకాల రిసెప్టర్లకి అమ్ముతున్న 49 యాంటీబాడీల సంగతి తేల్చి చూస్తే, వాటిలో ఎక్కువభాగం ఒకటికి మించిన ప్రోటీనులని పట్టుకుంటున్నాయని తేలింది. 2015లో బ్రాడ్‌బరీ, ప్లుక్‌టున్ అనే ఇద్దరు, మరో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞుల సంతకాలతో 'నేచర్' పత్రికలో వ్రాస్తూ, పనికిరాని యాంటీబాడీల మీద ప్రపంచంలో ఏటా 80 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని అంచనా వేశారు. 2023లో కెనడాలోని మాంట్రియల్ నుంచి ఒక బృందం నరాల జబ్బులతో సంబంధమున్న 65 ప్రోటీనులకి 614 యాంటీబాడీలని, ప్రోటీను ఉన్న కణాల్లోనూ తీసేసిన కణాల్లోనూ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. పరీక్షలో తప్పిన యాంటీబాడీలని వాడి అచ్చయిన పేపర్లు ఒక్కొక్క ప్రోటీనుకి సగటున 12 తేలాయి. ఆ పరీక్షలో ఒక మంచి జరిగింది. సీసాలు తయారుచేసే కంపెనీలే ఆ పనికి చేయి కలిపాయి. ఆశించినట్టు పనిచెయ్యని సీసాల్లో సుమారు 20 శాతాన్ని అమ్మకం నుంచి తీసేశాయి, 40 శాతానికి చీటీ మీది మాటలు మార్చాయి. అంటే చెప్పేవాడుంటే వినేవాళ్ళూ ఉన్నారన్నమాట.

రిసెప్టర్ల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే అవి పరిమాణంలో బహు తక్కువ. కణం పైపొరలోకీ బయటకీ మెలికలు తిరిగి ఉంటాయి. నా ఆల్ఫా-7 అయితే నాలుగుసార్లు పొరని దాటుతుంది. దాయాదులు ఎక్కువ. మన ఒంట్లో ఈ ఒక్క కుటుంబంలోనే 16 రకాల ముక్కలున్నాయి, అన్నీ ఒకే పోలిక. పాట్రిక్, లిండ్‌స్ట్రమ్ కుందేలుకి ఇచ్చింది చేప నుంచి తీసిన నిండు రిసెప్టరు. ఈనాటి సీసాల్లో చాలావాటికి ఇచ్చేది ప్రోటీనులో చిన్న తునక మాత్రమే. మనిషి మొహం చూపించకుండా చొక్కా గుండీ చూపించి, వీణ్ణి పట్టుకురా అన్నట్టు ఉంటుంది.

"ఇదంతా బాగానే ఉంది, మన దగ్గర డబ్బేదయ్యా?" అని లెక్చరరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సీసాకే గతిలేనివాడికి జన్యువు తీసేసిన చుంచెలుకలు ఎక్కడి నుంచి వస్తాయి? కాని ఒక్క సంగతి. నాకు వచ్చిన ముక్క ఖరీదు సున్నా. ఖర్చయింది డ్రై ఐసు, కొరియరు, ఒక అమ్మాయి చొరవ. అదీ దొరక్కపోతే, ఆ రిసెప్టరు లేదని తెలిసిన అవయవం ముక్క పక్కన పెట్టవచ్చు. దాన్ని తయారుచెయ్యని కణాలూ, జన్యువు ఎక్కించి తయారుచేయించిన కణాలూ పక్కపక్కన చూడవచ్చు. యాంటీబాడీని నమ్మకుండా ఇంకో దారిలో చూడవచ్చు. ఆల్ఫా-7కయితే ఆ కట్లపాము విషమే ఉంది; జన్యువు తీసేసిన చుంచెలుకల మెదడులో దాని పట్టు కనిపించదు. అది తెప్పించుకుని ఉంటే నాకు ఐదేళ్ళు మిగిలేవి.

ఒక మోసపు ధైర్యం గురించి కూడా చెప్పాలి. యాంటీబాడీని దేనితో పుట్టించారో ఆ తునకనే ముందు కలిపేసి, గీత మాయమైతే "చూశారా, అసలైనదే!" అంటాం. నేనూ అన్నాను. నా థీసిస్‌లో ఒక పేజీ అదే. అది యాంటీబాడీకి ఆ తునక ఇష్టమని చెబుతుంది గాని, మెదడులో అది పట్టుకున్నది ఎవరినో చెప్పదు.

అసలు కారణం డబ్బు కాదని నా అభిప్రాయం. మనం విద్యార్థిని అడిగే ప్రశ్నలోనే లోపం ఉంది. "రిజల్టు వచ్చిందా?" అని అడుగుతాం. వచ్చిందంటే వీపు తడతాం, రాలేదంటే చెయ్యి సరిగా లేదంటాం. గీత పడితే ఎవరూ ఏమీ అడగరు. పడకపోతే పదిమంది అడుగుతారు. అటువంటప్పుడు గీత పడకూడనిచోట చూడాలని ఏ పిల్లవాడికి బుద్ధి పుడుతుంది? పిహెచ్.డి. పుచ్చుకోవాలంటే ముందు పేపరు అచ్చవాలన్న నియమాన్ని యు.జి.సి. 2022లో తీసేసింది. నియమం పోయింది గాని, మన మనసుల్లో ఆ తొందర పోలేదు.

కాబట్టి ఈ సంచిక ద్వారా మన కాలేజీకి మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది: యాంటీబాడీ ఫొటో ఉన్న ఏ ప్రాజెక్టు రిపోర్టులోనైనా దాని ఎదుటి పేజీలో "ఇది అదేనని నాకెట్లా తెలుసు?" అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి. జవాబు తెలియకపోతే తెలియదని వ్రాయాలి. దానికి మార్కులు కొయ్యకూడదు. రెండవది: బోటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ మూడు డిపార్టుమెంట్లకీ కలిపి ఒక రిజిస్టరు ఉండాలి. ప్రతి సీసా పేరు, కేటలాగు నంబరు, లాటు నంబరు, పనిచేసిందా లేదా, ఎవరు చూశారు — అందులో వ్రాయాలి. 2014 నుంచి ప్రపంచమంతటా యాంటీబాడీలకి విడి గుర్తింపు సంఖ్యలు ఇస్తున్నారు, అవి కూడా వ్రాయాలి. దీనికయ్యే ఖర్చు ఒక పుస్తకం, ఒక పెన్ను. మూడవది: వైవాలో పరీక్షకులు వచ్చిన గీత గురించి ఒక ప్రశ్న అడిగితే, రాకూడనిచోట రాని గీత గురించి రెండు ప్రశ్నలు అడగాలి. 71కి 175 లాగా.

విద్యార్థి సంఘం మిత్రులకి ఒక మాట. మీరు ఏటా హాస్టలు భోజనం గురించీ, బస్సుపాసుల గురించీ, ఫీజుల గురించీ మెమొరాండం ఇస్తారు. ఇవ్వవలసిందే, మేమూ ఇచ్చాము. ఈ ఏడు దానిలో ఇది కూడా చేర్చండి: తప్పు ప్రశ్న అడిగిన విద్యార్థిని కాదు, ప్రశ్నే అడగని విద్యార్థిని మందలించమని. మా లాబొరేటరీలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను నా గురువులెవరూ అడగలేదు. నేనూ నా గురువులని అడగలేదు. ఆమె ఒక్కతీ అడిగింది, దానికి ఫలితంగా ఒక సంవత్సరం పోగొట్టుకున్నది ఆమే. ఇది న్యాయం కాదు.

మా నాన్నగారు ఇప్పుడు పొలానికి వెళ్ళడం లేదు. కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆనాడు ఫోనులో చెప్పింది తప్పని, ఆయన వణుకుకీ నేను చూసిన గీతకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మళ్ళీ చూడు," అన్నారు.

మళ్ళీ చూస్తున్నాను. ఈసారి ముందుగా లేనిచోట చూస్తున్నాను. సెలవు.